టైనీఎస్ఏ అల్ట్రాతో డేటా లాగింగ్: ఏడాదిన్నర వాడకం తర్వాత

టైనీఎస్ఏ అల్ట్రా అరచేతిలో పట్టే స్పెక్ట్రమ్ ఎనలైజర్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే పరికరం. దాన్ని తెర మీద సిగ్నల్ చూసుకోవడానికే ఎక్కువమంది కొంటారు. గంటల తరబడి కొలతలను ఫైల్‌లోకి ఎక్కించే పనికి అది పనికొస్తుందా అంటే, బాగానే పనికొస్తుంది. అయితే ఆన్ చేయగానే ఉండే సెట్టింగ్‌లతో మాత్రం కాదు. రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్ (ఆర్‌బీడబ్ల్యూ, అంటే ఒక్కో పాయింట్ దగ్గర పరికరం వినే ఫ్రీక్వెన్సీ వెడల్పు), అటెన్యుయేషన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ను తగ్గించడం), స్పర్ (పరికరం లోపలే పుట్టే దొంగ సిగ్నల్) తొలగింపు అన్నీ ఆటోలో ఉంటాయి. తెర చూస్తూ పనిచేసేటప్పుడు అది సుఖమే. లాగ్‌కు మాత్రం చేటు. రాత్రి రెండింటికి నాయిస్ ఫ్లోర్ (సిగ్నల్ ఏదీ లేనప్పుడూ కనిపించే నాయిస్ స్థాయి) 10 డీబీ లేచిందంటే, గాలిలో ఏదో మారిందా, పరికరమే అటెన్యుయేటర్ మార్చుకుందా అన్నది ఫైల్ చూసి తేల్చలేం.

మామూలు మోడ్‌లో 100 కిలోహెర్ట్జ్ నుంచి 800 మెగాహెర్ట్జ్ వరకు, అల్ట్రా మోడ్ తెరిస్తే 6 గిగాహెర్ట్జ్ వరకు కొలుస్తుంది. స్వీప్‌కు, అంటే మొదటి ఫ్రీక్వెన్సీ నుంచి చివరిదాకా ఒక్క చుట్టు కొలతకు, గరిష్ఠంగా 450 పాయింట్లు. ఆర్‌బీడబ్ల్యూ 200 హెర్ట్జ్ నుంచి 850 కిలోహెర్ట్జ్ దాకా మెట్లుమెట్లుగా ఉంటుంది. లాగింగ్‌లో అన్నిటికంటే ముందు అడ్డొచ్చేది ఆ 450 అంకె.

ఎఫ్ఎం బ్యాండ్ 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ తీసుకోండి. 20 మెగాహెర్ట్జ్‌ను 449 అంతరాలతో భాగిస్తే ఒక్కో అడుగు 44.5 కిలోహెర్ట్జ్. ఆర్‌బీడబ్ల్యూ 30 కిలోహెర్ట్జ్ పెడితే పాయింట్ల మధ్య కొంత మేర అసలు కొలతే జరగదు. అక్కడున్న సన్నని క్యారియర్ (ఒకే ఫ్రీక్వెన్సీ మీద నిలిచే సిగ్నల్) లాగ్‌లో కనబడదు, కనబడలేదని తెలియనూ తెలియదు. 100 పెడితే ఖాళీలు మూసుకుంటాయి. అదే 433.05 నుంచి 434.79 మెగాహెర్ట్జ్ వరకైతే అడుగు 3.9 కిలోహెర్ట్జే కాబట్టి 10 కిలోహెర్ట్జ్ చాలు. సూత్రం ఒక్కటే: ఆర్‌బీడబ్ల్యూ అడుగు కంటే పెద్దదై ఉండాలి, రెండింతలైతే ఇంకా నిశ్చింత. వెడల్పైన బ్యాండ్‌ను ముక్కలుగా కోసి ఒకదాని తర్వాత ఒకటి స్కాన్ చేయవచ్చు. కానీ ముక్కలు పెరిగేకొద్దీ ఒక్కో చోటికి తిరిగి వచ్చే సమయం పెరుగుతుంది.

ఆ సమయం సంగతి చాలామంది పట్టించుకోరు. స్వీప్‌కు ఒక సెకను పడితే ఒక్కో పాయింట్ మీద పరికరం నిలిచేది సుమారు 2.2 మిల్లీసెకన్లు. నిమిషానికోసారి 50 మిల్లీసెకన్లు పలికే సెన్సర్‌ను ఈ పద్ధతిలో పట్టుకునే అవకాశం ఇరవైలో ఒకటి. అలాంటి వాటికి స్వీప్ లాగ్ దండగ. స్పాన్ (కొలిచే ఫ్రీక్వెన్సీల వెడల్పు) సున్నా పెట్టి ఒకే ఫ్రీక్వెన్సీ మీద కూర్చోబెట్టాలి. స్పర్ తొలగింపుదీ ఇదే తంటా. అది ఒక్కో పాయింట్‌ను రెండు విధాలుగా కొలిచి తక్కువ విలువను ఉంచుతుంది. వేగం సగానికి పడిపోవడం ఒక నష్టం. అంతకంటే పెద్దది, ఆ రెండు కొలతల మధ్యలో ఆగిపోయిన చిన్న సిగ్నల్‌ను స్పర్ అనుకుని చెరిపేయడం. నిలకడగా ఉండే క్యారియర్లకు అది ఆన్‌లో, ఆగి ఆగి కాసేపే వచ్చే వాటికి ఆఫ్‌లో ఉండాలి. ఆటోలో ఎప్పుడూ వద్దు.

నడుస్తూ పది చోట్ల కొలిచే పనికి మైక్రోఎస్‌డీ కార్డు చక్కగా సరిపోతుంది. స్టోరేజ్ మెనూలోంచి ట్రేస్‌ను సీఎస్‌వీగా దాచి, పక్కనే తెర బొమ్మనూ దాచుకుంటే ఏ సెట్టింగ్‌లో తీశామో బొమ్మ చెబుతుంది. నిరంతరం సాగే లాగ్‌కు మాత్రం యూఎస్‌బీ మార్గమే నమ్మదగ్గది. పరికరం సీరియల్ పోర్టుగా కనబడుతుంది, బాడ్ రేటు ఎంత పెట్టినా తేడా లేదు. ముందు ‘పాజ్’ పంపాలి. తర్వాత ఆర్‌బీడబ్ల్యూ, అటెన్యుయేషన్, స్పర్, ఎల్ఎన్ఏ (బలహీన సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్) నాలుగింటినీ కమాండ్లతో బిగించాలి. ఆ పైన ‘స్కాన్’ వెంట మొదటి ఫ్రీక్వెన్సీ, చివరి ఫ్రీక్వెన్సీ, పాయింట్ల సంఖ్య, చివర 3 ఇస్తే ఫ్రీక్వెన్సీ, కొలత రెండూ వస్తాయి. ‘సీహెచ్’ ప్రాంప్ట్ తిరిగి వచ్చేదాకా చదువుతూనే ఉండాలి. నిర్ణీత సమయం ఆగి చదివే స్క్రిప్ట్‌లు ఏదో ఒక రోజు సగం స్వీప్‌ను తెచ్చి, మిగతా సగాన్ని తర్వాతి స్వీప్‌కు అతికిస్తాయి. 450 వరుసలు రాకపోతే ఆ స్వీప్‌ను పక్కన పడేయడమే మంచిది. పని ముగిశాక ‘రిజ్యూమ్’ పంపాలి, లేకుంటే తెర కదలదు.

వేగం కావాలంటే ‘స్కాన్‌రా’ ఉంది. ఒక్కో పాయింట్‌కు ‘ఎక్స్’ అక్షరం, దాని వెంట తక్కువ స్థానపు బైట్ ముందుగా రెండు బైట్లు వస్తాయి. ఆ సంఖ్యను 32తో భాగించి, అల్ట్రాలో 174 తీసివేస్తే డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డీబీల్లో చెప్పే బలం) వస్తుంది. పాత బేసిక్ మోడల్‌కు తీసేయాల్సింది 128. బేసిక్ కోసం రాసిన స్క్రిప్ట్‌ను మార్చకుండా అల్ట్రాకు వాడితే అంకెలన్నీ 46 డీబీ ఎక్కువగా కనిపిస్తాయి.

ఫైల్ పరిమాణం ముందే లెక్కేసుకోండి. సెకనుకో స్వీప్ చొప్పున ప్రతి వరుసలో ఫ్రీక్వెన్సీ, కొలత రెండూ రాస్తే రోజుకు దాదాపు 650 మెగాబైట్లు. ఫ్రీక్వెన్సీలను తలవరుసలో ఒక్కసారే రాసి కొలతలు మాత్రం నింపితే అందులో సగానికి తక్కువే. బైనరీగా రెండేసి బైట్లు దాచితే 78 మెగాబైట్లు. గంటకో కొత్త ఫైల్ తెరిచి, ప్రతి స్వీప్ తర్వాత డిస్క్‌కు రాయించడం మేలు. కరెంటు పోయినా పోయేది ఒక్క స్వీపే. ప్రతి ఫైల్ తలమీద ఫర్మ్‌వేర్ వెర్షన్, ఆర్‌బీడబ్ల్యూ, అటెన్యుయేషన్, స్పర్, ఎల్ఎన్ఏ, యాంటెనా, కేబుల్ పొడవు తప్పక ఉండాలి. సమయం యూటీసీలో, స్వీప్ మొదలు, ముగింపు రెండూ రాయాలి.

సగటు తీసేటప్పుడు డీబీలను నేరుగా కూడి భాగించడం పెద్ద పొరపాటు. సగం సేపు −40, సగం సేపు −100 డీబీఎం ఉన్న సిగ్నల్‌కు అలా చేస్తే −70 వస్తుంది. మిల్లీవాట్లలోకి మార్చి సగటు తీస్తే −43. ఒట్టి నాయిస్ మీద కూడా డీబీ సగటు 2.5 డీబీ తక్కువ చూపిస్తుంది. అందుకే విడి స్వీప్‌లనే దాచి, సగటు తర్వాత తీయాలి. వేర్వేరు ఆర్‌బీడబ్ల్యూలతో తీసిన లాగ్‌ల నాయిస్ ఫ్లోర్లను పోల్చకూడదు. పదింతలు పెంచితే ఫ్లోర్ 10 డీబీ లేస్తుంది.

ల్యాప్‌టాప్‌కు తగిలించాక 30 మెగాహెర్ట్జ్ కింద దువ్వెన పళ్లలా గీతలు లేస్తే అవి చాలావరకు యూఎస్‌బీ కేబుల్ మోసుకొచ్చిన చెత్తే. యాంటెనా తీసి 50 ఓమ్ టెర్మినేటర్ పెట్టి ఒక స్వీప్, యాంటెనాతో బ్యాటరీ మీద ఒకటి, యూఎస్‌బీ పెట్టి ఇంకొకటి తీస్తే ఎక్కడినుంచి వస్తోందో బయటపడుతుంది. కేబుల్‌కు రెండు చివర్లా ఫెరైట్ దిమ్మె (నాయిస్‌ను అడ్డుకునేది) బిగించడం, పవర్ బ్యాంక్ మీద నడిచే చిన్న బోర్డు కంప్యూటర్‌తో లాగ్ చేయడం బాగా కలిసొచ్చే మార్గాలు. లినక్స్‌లో ఇంకో చిక్కుంది. మోడెమ్‌మేనేజర్ అనే సర్వీస్ ఈ పోర్టును మోడెమ్ అనుకుని, తగిలించగానే ఏవో కమాండ్లు పంపుతుంది. దాన్ని ఆపేయండి. పోర్టు సంఖ్య కూడా మారుతుంటుంది కాబట్టి పరికరం ఐడీ మీద ఆధారపడిన పేరునే స్క్రిప్ట్‌లో వాడండి.

బలమైన ట్రాన్స్‌మిటర్ దగ్గర లాగ్ చేస్తే లేని సిగ్నల్స్ పుట్టుకొస్తాయి. ఇన్‌పుట్ −25 డీబీఎం దాటకుండా చూసుకోవాలి. అనుమానం వస్తే అటెన్యుయేషన్ మరో 10 డీబీ పెంచండి. నిజమైన సిగ్నల్ తెర మీద ఉన్నచోటే ఉంటుంది, లోపల పుట్టింది ఒక్కసారిగా కిందికి జారుతుంది.

లాగ్ మొదలుపెట్టే ముందు, ముగిశాక క్యాల్ కనెక్టర్‌ను ఆర్ఎఫ్‌కు కలిపి లోపలి 30 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను ఒక్కో నిమిషం రికార్డు చేయండి. మొదటిది పరికరం అరగంట వెచ్చబడ్డాకే తీయాలి. రెండు విలువల మధ్య తేడా ఒక డీబీ లోపుంటే లాగ్‌ను ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. దాటితే ముందు ఎస్ఎంఏ కనెక్టర్ బిగింపు చూడండి, తర్వాత ఎండ పడిందేమో చూడండి.