అటక మీంచి దింపిన గిటారు, నాలుగేళ్ల తర్వాత

మా మావయ్య కాలేజీ రోజుల్లో కొన్న కోల్‌కతా గిటారు కాకినాడ ఇంట్లో అటక మీద పదిహేనేళ్లకు పైగా పడి ఉంది. దాన్ని దింపి నేనే బాగు చేసుకుని నాలుగేళ్లయింది. దుమ్ము దులపడం, తుప్పు తీగలు మార్చడం, కీలకు చుక్క నూనె వెయ్యడం అందరూ చేసేవే. ఈ గిటారు మీద నాకు ఇంత ఇష్టం కలగడానికి కారణం శాడిల్ ఒక్కటే.

శాడిల్ అంటే, పైచెక్కకు అతికించిన బ్రిడ్జ్ అనే చెక్క దిమ్మ మీద తీగలు ఆనే సన్నటి పట్టీ. పాతది ప్లాస్టిక్‌ది. వేళ్లు ఆడించే పొడవాటి నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలే ఫ్రెట్లు. వాటిలో 12వ దాని దగ్గర లావు తీగకు, ఫ్రెట్‌కు మధ్య మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తు. చూపుడు వేలితో తీగలన్నీ ఒకేసారి నొక్కే ఎఫ్ కార్డ్ పట్టుకుంటే నిమిషానికే ఆ వేలు లాగేసేది. అక్కడ 1 మిల్లీమీటరు దించాలంటే శాడిల్‌లో 2 తగ్గించాలి. ఎముక ముక్క తెప్పించి, గాజు పలక మీద ఉప్పు కాగితం అతికించి, పెన్సిల్ గీత దాకా రెండు సాయంత్రాలు అరగదీశాను. పంటి డాక్టరు గదిలో వచ్చే వాసనే. అడుగు సమంగా రాకపోతే శబ్దం మొద్దుబారుతుంది కాబట్టి పదేపదే వెలుతురుకు పట్టి చూసుకున్నాను. మావయ్య వచ్చి వాయించి, "అప్పుడు ఇంత తేలిగ్గా లేదురా" అన్నాడు. ఆ రోజు నాకు పండగే.

మొదట్లో ఎవరు అడిగినా, ఇంట్లోనే చేసుకోవచ్చు, ఏం కష్టం లేదు అని చెప్పేవాణ్ని. ఇప్పుడు శాడిల్ వరకే ఆ మాట అంటాను.

బ్రిడ్జ్ వెనక అంచు అప్పటికే కాస్త లేచి ఉంది. సందులోకి మామూలు తెల్ల జిగురు దూర్చి, రాత్రంతా బిగించి వదిలేశాను. రెండేళ్లు చక్కగా నిలబడింది. తర్వాత ఒక మే నెలలో రాజమండ్రి పెళ్లికి వెళ్తూ, తీగలు బిగువుగా ఉంచే కారు డిక్కీలో పెట్టాను. అప్పుడున్న 12 గేజ్ తీగలు, అంటే కాస్త లావువి, ఆరూ కలిపి దాదాపు 70 కిలోల బలంతో లాగుతాయి. భోజనాలయ్యాక డిక్కీ తీస్తే బ్రిడ్జ్ ఊడి తీగలకు వేలాడుతోంది. పైచెక్కలోంచి ఒక పలచటి పొర కూడా దాంతో లేచి వచ్చేసింది. వేలితో తాకితే జిగురు ఇంకా మెత్తగా సాగుతోంది. పెళ్లిలో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను.

తప్పు నాదే. పాత జిగురు మీద కొత్తది పట్టదు, పైగా ఆ తెల్ల జిగురు వేడికి మెత్తబడుతుంది. ఈసారి రెండు వైపులా పచ్చి చెక్క కనిపించే దాకా గీకి, చెక్కపనికి వాడే పసుపు జిగురు రాసి, శబ్దరంధ్రంలోంచి క్లాంపు వేసి 24 గంటలు కదపలేదు. తీగలు ఇంకా సన్నవైన 10 గేజ్‌కు మార్చాను. మంద్రంలో గుండెకు తగిలే ఆ నిండుదనం కొంత పోయింది. అది నాకు లోటే. అయినా రెండేళ్లుగా బ్రిడ్జ్ కదల్లేదు.

నేను రాత్రి పూట ఇంట్లో గంటసేపు వాయించుకునేవాణ్ని, నాకు ఇది చాలు. స్టేజీ మీద వాయించేవాళ్లకు మాత్రం గట్టిగా చెప్పలేను. ఈ గిటారు నెక్‌లో వంపు సర్దుకునే రాడ్ లేదు. రేపు నెక్ వంగితే ఎంత మంచి శాడిల్ ఉన్నా ఉపయోగం ఉండదు. మీ అటక మీద ఇలాంటిది ఉంటే, జిగురు కొనే ముందు నెక్ వెంట ఒక స్టీలు స్కేలు పెట్టి చూడండి.