పామ్ స్ప్రింగ్స్‌కు జనవరిలో వెళ్లాలా, జూన్‌లోనా?

కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న పామ్ స్ప్రింగ్స్‌లో ఏటా రెండు అంతర్జాతీయ సినిమా పండగలు జరుగుతాయి. జనవరిలో జరిగేది పూర్తి నిడివి సినిమాలది. జూన్ రెండో సగంలో జరిగే షార్ట్‌ఫెస్ట్‌లో అన్నీ షార్ట్ ఫిల్మ్‌లే. లాస్ ఏంజిలిస్ నుంచి సుమారు 170 కిలోమీటర్లే కాబట్టి ఆ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు పొద్దున్నే కారులో బయల్దేరితే రెండు గంటల్లో చేరిపోవచ్చు. కానీ ఏడాదికి ఒక్కసారే సెలవు దొరికితే దేనికి వెళ్లాలి?

వాతావరణం మాటకొస్తే జనవరే మేలు. పగలు 20 డిగ్రీలకు కాస్త అటూఇటూ ఉంటుంది, సాయంత్రానికి స్వెట్టర్ కావాలి. జూన్‌లో పగటి ఎండ 40 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. 2024 జులై 5న అక్కడ 51.1 డిగ్రీలు నమోదైంది. రెంటచింతల ఎండ చూసినవాళ్లు కూడా తేలిగ్గా తీసుకోకూడదు. విజయవాడ ఉక్కపోత ఉండదు, చెమట పట్టగానే ఆరిపోతుంది. అందుకే ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతి తెలియదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకుంటే ఇంక ఆలోచించక్కర్లేదు, జనవరికే వెళ్లండి.

ఖర్చు దగ్గర లెక్క తిరగబడుతుంది. చలికాలం ఆ ఊరికి సీజన్, హోటల్ గదులు ప్రియం. వేసవిలో జనం తగ్గుతారు, ధరలూ దిగుతాయి.

ఇక సినిమాలు. జనవరి పండగలో వివిధ దేశాలు ఆస్కార్ అంతర్జాతీయ విభాగానికి పంపిన చిత్రాలు చాలా వేస్తారు. మంచి సినిమాలే, కాదనను. కానీ వాటిలో కొన్ని తర్వాత థియేటర్‌కో ఓటీటీకో వస్తాయి. షార్ట్ ఫిల్మ్‌కు ఆ అదృష్టం తక్కువ. పండగ దాటితే చాలావాటిని మళ్లీ వెతికి పట్టుకోవడం కష్టం. షార్ట్‌ఫెస్ట్‌లో 300కు పైగా చిత్రాలు ఉంటాయి, ఒక్కో ఆటలో కొన్నింటిని కలిపి వేస్తారు. ఒకటి నచ్చకపోయినా కాసేపటికే ఇంకో దేశం, ఇంకో భాష, ఇంకో మనిషి కథ. నేను జూన్ వైపు మొగ్గడానికి మొదటి కారణం ఇదే.

రెండోది మనుషులు. జనవరిలో పెద్ద తారలు వచ్చేది అవార్డుల వేడుకకు. దాని టికెట్ మనలాంటివాళ్లకు అందేది కాదు. జూన్‌లో లైన్‌లో మన ముందు నిలబడ్డ అమ్మాయే తర్వాతి చిత్రానికి దర్శకురాలు కావచ్చు. ఎండకు భయపడి ఎవరూ ఊరు తిరగరు, అందరూ థియేటర్ లాబీలోనే ఉంటారు. అడగాలనుకున్నది అక్కడే అడిగేయొచ్చు.

సొంతంగా షార్ట్ ఫిల్మ్ తీసినవాళ్లయితే జూనే. తరుణ్ భాస్కర్, సుజీత్ షార్ట్ ఫిల్మ్‌ల నుంచే పెద్ద తెరకు వచ్చారు, మనకు ఆ దారి కొత్తేమీ కాదు. 1995లో మొదలైన షార్ట్‌ఫెస్ట్‌లో కొన్ని విభాగాల్లో గెలిచిన చిత్రాలకు ఆస్కార్ పరిశీలనకు అర్హత వస్తుంది. ఎంట్రీలు వేలల్లో వస్తాయి కాబట్టి ఎంపిక కాలేదని కుంగిపోకండి, ప్రేక్షకుడిగా అయినా వెళ్లండి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మనవాళ్లు ఎడిటింగ్ అయిన రోజే యూట్యూబ్‌లో పెట్టేస్తారు. అర్హత తెచ్చే అవార్డు రాకముందే ఆన్‌లైన్‌లో అందరికీ చూపించేస్తే ఆస్కార్ దారి మూసుకుపోతుంది. ఏడాది కష్టం ఒక్క అప్‌లోడ్‌తో పోతుంది, నిబంధనలు చదివాకే బటన్ నొక్కండి.

జూన్‌లో వెళ్తే ఒక పూట ఏరియల్ ట్రామ్‌కు, అంటే కొండ మీదకు తీసుకెళ్లే కేబుల్ కారుకు, ఉంచుకోండి. పది నిమిషాల్లో 8,500 అడుగుల ఎత్తుకు, పైన్ చెట్ల మధ్యకు చేరుస్తుంది. కింద ఊరు మాడిపోతున్నా పైన అంతకంటే 15 డిగ్రీలకు మించి చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం అక్కడ గడిపి, సాయంత్రం ఆటకు దిగి రావచ్చు.