స్మార్ట్ వాటర్ మీటర్లు పెట్టించుకుంటున్నారా? ‘కీస్’ (మీటర్ల రహస్య సంఖ్యలు) చేతికి రానిదే పూర్తి డబ్బు కట్టకండి

ఫ్లాట్‌కో స్మార్ట్ వాటర్ మీటర్, మేడ మీద ఒక వైర్‌లెస్ గేట్‌వే, ఫోన్లో యాప్ అంటూ ఎవరైనా కొటేషన్ పట్టుకుని మీ అసోసియేషన్ దగ్గరికి వస్తే, సంతకం పెట్టే ముందు ఇది ఒకసారి చదవండి. మహబూబ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్‌లో జరిగింది రాస్తున్నాను. విషయం ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. అయినా రేపు ఇంకో పేరుతో వచ్చేవాళ్లూ ఇదే పని చేయొచ్చు. ఎక్కడ గట్టిగా పట్టుకోవాలో తెలియడం ముఖ్యం.

ఎండాకాలం వస్తే మా బోరు అడుగంటుతుంది. ట్యాంకర్ల మీద ట్యాంకర్లు తెప్పించాలి. ఆ ఖర్చు ఫ్లాట్లన్నిటికీ సమానంగా పంచితే, ఇద్దరే ఉండే పెద్దవాళ్లకూ ఆరుగురున్న ఇంటికీ ఒకటే బిల్లు. ప్రతి మీటింగ్‌లో ఇదే గొడవ. ఎవరు వాడుకున్న నీళ్లకు వాళ్లు కడితే న్యాయం అని అందరం ఒప్పుకుని మీటర్లు తీసుకున్నాం. ఆ ఆలోచన ఇప్పటికీ సరైనదే అంటాను. మీటర్లూ మంచివే, డిస్‌ప్లే మీద లీటర్లు సరిగ్గానే తిరుగుతున్నాయి. తేడా వచ్చిందల్లా గేట్‌వే దగ్గర, దాన్ని పెట్టినవాళ్ల దగ్గర.

ఈ మీటర్‌లో బ్యాటరీ ఉంటుంది. లోరావాన్ అనే పద్ధతిలో అది రీడింగ్‌ను రేడియో సిగ్నల్‌గా పంపుతుంది. మేడ మీది గేట్‌వే దాన్ని అందుకుని, సిమ్ ద్వారానో ఇంటర్నెట్ వైరు ద్వారానో సర్వర్‌కు పంపుతుంది. యాప్‌లో మనం చూసేది ఆ సర్వర్ చూపించేదే.

బిగించి వెళ్లాక యాప్‌లో ఒక్క ఫ్లాట్ రీడింగ్ కూడా రాలేదు. అడిగితే, గోడలు మందంగా ఉన్నాయి, బిల్డింగ్‌కు ఒక గేట్‌వే చాలదు, ఇంకో రెండు కొనాలి అన్నారు. రేటు కూడా వెంటనే పంపారు. వాళ్ల టెక్నీషియన్ వచ్చి చిన్న అయస్కాంతం తీసి మీటర్ పక్కన ఆనించి (అలా ఆనిస్తే మీటర్ నిద్రలేచి సిగ్నల్ పంపుతుంది), మీటర్ నెట్‌వర్క్‌లో చేరడానికి ప్రయత్నిస్తోందని చూపించి, చూశారా సార్, సిగ్నల్ అందడం లేదు అన్నాడు. మేడ మీద గేట్‌వేకు రెండు గజాల దూరంలో, అడ్డు గోడే లేని చోట అదే అయస్కాంతం పెట్టించాం. అక్కడా చేరలేదు. గోడల మాట అబద్ధమని అప్పుడే తేలింది.

మా రెండో అంతస్తులో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ ఒకాయన ఉంటారు. ఆయన ల్యాప్‌టాప్ పెట్టి గేట్‌వే సెట్టింగ్స్ తెరిచారు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ కూడా మార్చలేదు, దాంతోనే తెరుచుకుంది. ఛానెళ్లు చూస్తే 868.1, 868.3, 868.5 మెగాహెర్ట్జ్. అవి యూరప్ ఫ్రీక్వెన్సీ ప్లాన్‌లోవి. మన దేశానికి ఐఎన్865 అనే ప్లాన్ ఉంది. దాని మొదటి మూడు ఛానెళ్లు 865.0625, 865.4025, 865.985. మా మీటర్లు ఇండియా ప్లాన్‌లో మాట్లాడుతుంటే గేట్‌వే యూరప్ ప్లాన్‌లో వింటోంది. ఇంకో పది గేట్‌వేలు అలాగే పెట్టినా రీడింగ్ రాదు. దీన్ని సరిచేయడం డబ్బు ఖర్చు లేని పని, సెట్టింగ్ మార్చి రీస్టార్ట్ చేస్తే అయిపోయింది. ఆ పని చేయకుండా రెండు గేట్‌వేలు అంటగట్టాలని చూశారు. నాకు ఇప్పటికీ కడుపు మండేది ఇక్కడే.

ఒక్కమాట. మా గేట్‌వే పెట్టె ఆ ఫ్రీక్వెన్సీల బ్యాండ్‌కే తయారైంది కాబట్టి మాకు సెట్టింగ్‌తో సరిపోయింది. అమెరికా 915 బ్యాండ్ కోసం చేసిన గేట్‌వే గానీ యాంటెన్నా గానీ తెచ్చి బిగిస్తే ఇలా సరిపోదు. కొనేముందే మోడల్ నంబర్, యాంటెన్నా మీది బ్యాండ్, మన దేశంలో వాడటానికి కావాల్సిన డబ్ల్యూపీసీ ఈటీఏ సర్టిఫికెట్ (రేడియో పరికరాలకు కేంద్ర టెలికాం శాఖ ఇచ్చే అనుమతి) అడిగి చూసుకోండి.

సెట్టింగ్ మారాక పై అంతస్తుల రీడింగులు వచ్చాయి, కింద అంతస్తులవి రాలేదు. కారణం లిఫ్ట్ రూంలోనే కనబడింది. గేట్‌వేను ఇనుప పెట్టెలో పెట్టి, దాని రబ్బరు యాంటెన్నాను కూడా లోపలే వదిలేసి తలుపు మూశారు. ఇనుము రేడియో సిగ్నల్‌ను చాలావరకు ఆపేస్తుంది. యాంటెన్నాను బయటికి తెచ్చి జీఐ పైపు మీద నిలబెట్టించాం. ఆ పని చేసేటప్పుడు కంపెనీ కుర్రాడు కరెంటు ఆపకుండానే యాంటెన్నా విప్పబోతే లెక్చరర్ గారు ఆపారు. యాంటెన్నా లేకుండా గేట్‌వే సిగ్నల్ పంపితే లోపలి రేడియో పాడైపోయే ప్రమాదం ఉంది. మేడ మీద పైపు నిలబెట్టారంటే ఎర్తింగ్, పిడుగుల నుంచి కాపాడే సర్జ్ అరెస్టర్, కనెక్టర్‌కు వాటర్‌ప్రూఫ్ టేపు కూడా ఉండాలి. మా కొటేషన్‌లో ఇవన్నీ రాసి ఉన్నాయి. గోడకు మాత్రం ఏవీ లేవు. ఒక్కో ఐటమ్ వేలు పెట్టి చూపించి అడిగితేనే బిగించారు.

గేట్‌వే ఎక్కడ పెట్టాలన్నది బ్యాటరీకి సంబంధించిన విషయం కూడా. సిగ్నల్ సరిగ్గా అందకపోతే మీటర్ స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (ఎస్ఎఫ్) పెంచుకుంటుంది, అంటే దూరం అందడానికి నెమ్మదిగా పంపుతుంది. ఎస్ఎఫ్7 నుంచి ఎస్ఎఫ్12 వరకు ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా అదే రీడింగ్ పంపడానికి సుమారు రెట్టింపు సమయం పడుతుంది. అంతసేపూ బ్యాటరీ ఖర్చే. పదేళ్లు వస్తుందని చెప్పిన బ్యాటరీ ముందే అయిపోతే, ఆ ఖర్చు మళ్లీ మన మెయింటెనెన్స్ మీదే పడుతుంది. పని అయ్యాక ప్రతి మీటర్ ఏ ఎస్ఎఫ్‌లో పంపుతోందో, సిగ్నల్ బలం ఎంతో రిపోర్ట్ ఇమ్మనండి. సర్వర్‌లో అది కనబడుతుంది, ఇవ్వలేం అనడానికి లేదు.

అసలు దెబ్బ దీని తర్వాత తగిలింది. అదనపు గేట్‌వేలు కొనం అని తేల్చి చెప్పగానే మా యాప్ లాగిన్ ఆపేశారు. మీ సర్వర్ వద్దు, వేరే సర్వర్ పెట్టుకుంటాం అంటే, మీటర్ల కీస్ ఇవ్వడం కంపెనీ పాలసీ కాదు అన్నారు. ప్రతి మీటర్‌కూ దాన్ని గుర్తుపట్టే డెవ్ ఈయూఐ నంబర్ ఒకటి ఉంటుంది, అది స్టిక్కర్ మీద కనబడుతుంది. దాంతోపాటు ‘యాప్ కీ’ అనే రహస్య సంఖ్య ఒకటి ఉంటుంది, రాస్తే 32 అక్షరాలు. ఆ కీ లేకపోతే మీటర్ వేరే సర్వర్‌లో చేరదు, చేరకపోతే రీడింగ్ చదవలేం. ఫ్లాట్ మన పేర రిజిస్టర్ చేసి తాళంచెవి బిల్డర్ జేబులో పెట్టుకున్నట్టే ఇది. మీటర్ మనది, గోడ మనది, నీళ్లు మనవి, రీడింగ్ చూడాలంటే మాత్రం వాళ్లు ఎంతంటే అంత నెలనెలా కట్టాలి.

ఆఖరి వాయిదా మా దగ్గరే ఉంది కాబట్టి మాట్లాడే బలం మిగిలింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాక కంపెనీలో కదలిక వచ్చింది. కీస్ ఉన్న ఎక్సెల్ ఫైల్, గేట్‌వే అడ్మిన్ పాస్‌వర్డ్ పంపారు. లెక్చరర్ గారు చిర్ప్‌స్టాక్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సర్వర్ పెట్టి, గేట్‌వేలో సర్వర్ అడ్రస్ మార్చారు. చాలా ఫ్లాట్ల రీడింగులు ఇప్పుడు వస్తున్నాయి. కొన్ని మీటర్లకు ఫైల్‌లో ఉన్న కీ తప్పు, అవి చేరడం లేదు. తయారీదారుని అడుగుతాం అంటూ రోజులు గడుపుతున్నారు. ఇదీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. వివాదం మొదలైనప్పటి నుంచి రెండేళ్లలోగా అక్కడ ఫిర్యాదు వేసుకోవచ్చు.

మీరు ఆర్డర్ రాసేటప్పుడు ఈ మాటలు అందులో పెట్టించండి: ప్రతి మీటర్ డెవ్ ఈయూఐ, యాప్ కీ అసోసియేషన్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. గేట్‌వే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వాలి, సర్వర్ మార్చుకునే హక్కు మనకుండాలి. సిమ్ అసోసియేషన్ పేరు మీదే ఉండాలి. గ్రౌండ్ ఫ్లోర్ మీటర్‌తో సహా అన్నీ వరసగా కొన్ని వారాలు రీడింగ్ పంపాకే ఆఖరి వాయిదా. డెమోకు వాళ్లు తెచ్చే గేట్‌వేతో కాదు, మీ మేడ మీద బిగించిన గేట్‌వేతోనే పరీక్ష చేయించండి.

ఇంకొకటి ఉంది, ఇది ప్రమాదం. మా దగ్గరికి వచ్చినవాళ్లు కరెంటు మీటర్‌నూ ఇదే గేట్‌వేకు కలుపుతాం, సీల్ తీసి చిన్న సెన్సర్ పెడితే చాలు అన్నారు. అస్సలు ఒప్పుకోకండి. ఆ మీటర్ జోలికి వెళ్లే హక్కు విద్యుత్ సంస్థకు తప్ప ఎవరికీ లేదు. సీల్ తెగి ఉంటే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద చౌర్యం కేసు అయ్యే అవకాశం ఉంది, అది పడేది కన్స్యూమర్ మీద. జనరేటర్ యూనిట్ల కోసం లెక్క కావాలంటే ఆ మీటర్ తర్వాత మన సొంత సబ్‌మీటర్ పెట్టించుకోవాలి.

మా బ్యాలెన్స్ ఇంకా మా ఖాతాలోనే ఉంది. మిగిలిన మీటర్ల సరైన కీస్ వచ్చి, మా సర్వర్‌లో వాటి రీడింగ్ కనబడ్డాకే కడతాం. నల్గొండ వైపు గానీ ఇక్కడ గానీ ఇలా తప్పుడు కీస్ వచ్చి తయారీదారు దగ్గర్నుంచే సరైనవి తెప్పించుకున్నవాళ్లు ఉంటే, ఎలా తెప్పించుకున్నారో దయచేసి చెప్పండి.