మహబూబ్‌నగర్‌లో ఆడవాళ్ల ఫిజియోథెరపీ: మెట్లెక్కే ముందు తాళంచెవి అడగండి

నాది జడ్చర్లలో కర్రీ పాయింట్. పొద్దున పొయ్యి వెలిగిస్తే రాత్రి తొమ్మిదికే ఆర్పేది. రోజూ ఎండుమిర్చి పోపు పెట్టాలి, ఆ ఘాటుకు దగ్గాలి. నలభై దాటాక ఎప్పుడు దగ్గినా చీర తడవడం మొదలైంది. తుమ్మినా అంతే, అన్నం గంజు ఎత్తినా అంతే. రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. ముదురు రంగు చీరలే కట్టాను, రోజుకు మూడు నాలుగు ప్యాడ్లు మార్చాను. పెళ్లికి పోతే పెళ్లికూతురి కంటే ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకునేదాన్ని.

ఒకచోట చూపించుకుంటే గర్భసంచి తీసేస్తే సరిపోతుందన్నారు. మా వాడకట్టులో అట్లా తీయించుకున్నవాళ్లు నలుగురున్నారు. వాళ్లలో ఇద్దరికి ఇప్పటికీ దగ్గితే కారుతుంది. అది తెలుసు కాబట్టే ఆగాను. ఇంకో లేడీ డాక్టరు మూత్రం పరీక్ష, షుగర్ పరీక్ష చేయించి, రెండూ బాగున్నాయని చెప్పి, చీటీ మీద 'ఫిజియోథెరపీ' అని రాసిచ్చింది. మోకాళ్లకు చేసేది దీనికేం చేస్తుంది అనుకుంటూనే మహబూబ్‌నగర్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కాబట్టి దారి ఖర్చు ఆటోకే.

సెంటర్ పేరు రాయను, తిట్లు కూడా ఉన్నాయి కదా. ముందు అవే చెప్పేస్తా. అది రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మూత్రం ఆపుకోలేనివాళ్లు వచ్చే చోట బాత్రూం కింద ఉంది, దానికి తాళం, ఆ తాళంచెవి పక్కన మెడికల్ షాపులో! మొదటి రోజు పైకెక్కి, మళ్లీ దిగి, షాపులో ముగ్గురు మగవాళ్ల వెనక నిలబడి చెవి అడగాల్సి వచ్చింది. పైకి వచ్చాక కౌంటర్లో పిల్ల "యూరిన్ ప్రాబ్లం అక్కా, మీరు లోపలికి రండి" అని హాలంతా వినబడేట్టు పిలిచింది. మోకాళ్ల నొప్పుల పెద్దాయన ఒకరు పేపర్ దించి మరీ చూశాడు. అప్పుడే వెనక్కి వచ్చేసేదాన్నే, బస్సుకు ఇంకా టైం ఉందని ఆగాను.

లోపల గది మాత్రం వేరే లోకం. గడియ ఉంది, కర్టెన్ ఉంది. ఆడవాళ్ల సమస్యలు చూసే మేడం మంగళవారం, శుక్రవారం మాత్రమే వస్తుంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవేమో. దాదాపు ముప్పావుగంట ప్రశ్నలే. కాన్పులెన్ని, కుట్లు పడ్డాయా, మలబద్ధకం ఉందా, ఎంత బరువు ఎత్తుతావు, టీ ఎన్నిసార్లు? ఆరుసార్లు అంటే పెన్ను ఆపి నా ముఖం చూసింది.

తర్వాత ప్లాస్టిక్ బొమ్మ చూపించింది. ముందు ఎముక నుంచి వెనక తోకెముక దాకా, ఉయ్యాల గుడ్డ కట్టినట్టు కండరాలుంటాయి. మూత్రసంచి, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం వాటి మీదే కూర్చుంటాయి. కాన్పులకు, బరువులకు, ఏళ్లతరబడి ముక్కడానికి ఆ గుడ్డ సడలుతుంది. "గర్భసంచి తీసినా ఈ గుడ్డ బిగియదు అక్కా" అంది. అప్పుడు నాకు ఆ నలుగురూ గుర్తొచ్చారు.

పరీక్ష గురించి భయపడేవాళ్ల కోసం ఈ ముక్క రాస్తున్నా. ముందే అడిగింది, వద్దంటే వద్దు, మధ్యలో ఆపమన్నా ఆపుతానంది. గ్లౌజు వేసుకుని ఒక వేలితో చూస్తుంది, నొప్పేమీ లేదు. నా కండరాల బలానికి అయిదుకు రెండు మార్కులు వేసింది, బిగించి ఉంచగలిగింది మూడు సెకన్లు. అసలు సంగతి అక్కడే తెలిసింది. నేను యూట్యూబ్ చూసి ఏడాదిగా ఈ కండరాలు బిగించే వ్యాయామం చేస్తూనే ఉన్నా. చేస్తున్నదంతా తలకిందులు! ఊపిరి బిగబట్టి, పొట్ట, పిరుదులు గట్టిచేసి, కిందికి తోస్తున్నానట. పైకి లేపాల్సినదాన్ని రోజుకు మూడుపూటలా కిందికి నెట్టుకున్నాను.

"నలుగురిలో గాలి ఆపుకుంటరు చూడు, అట్ల మొదలుపెట్టి, కింద ఒక పల్లిగింజ ఉన్నదనుకొని దాన్ని పట్టి లోపలికి లేపు. ఊపిరి ఆపొద్దు" అంది. మా పాలమూరు ఆడదానికి పల్లిగింజ కంటే బాగా అర్థమయ్యేది ఏముంటుంది? మూడోసారికి వచ్చింది. వేలికి తెలుస్తుంది కాబట్టి వెంటనే "ఆఁ, అదే" అంది. ఆ ఒక్క "అదే" కోసమే ఇచ్చాను అయిదు వందలు. ఇవి కొత్త వింతలు కావట, కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లోనే రాశాడట.

లెక్క ఇది: ఒక పూటకు ఎనిమిదిసార్లు బిగించడం, బిగించినంతసేపు వదలడం. రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. మూడు సెకన్లతో మొదలుపెట్టి మెల్లగా పదికి పెంచాలి. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయొద్దంది. నాకు మరుపు ఎక్కువ, అందుకే కుక్కర్ విజిల్‌కు కట్టేసుకున్నా. కూర ఏదైనా కుక్కర్ మాత్రం మూడుసార్లు ఎక్కుతుంది కదా.

బాగా పనికొచ్చింది ఇంకోటి ఉంది. దగ్గు వచ్చాక కాదు, రాకముందే బిగించాలి. ఇప్పుడు నూనెలో మిరపకాయ వేసే ముందు పల్లిగింజ లేపుతా, తర్వాతే వేస్తా. గంజు ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ ఎత్తాలి. ఆ మాటతో పాటు "అంత పెద్ద గంజు ఎందుకు, రెండు చిన్నవి పెట్టు" అని మేడం అన్న మాట మా ఆయనకు వినిపించాను. పందొమ్మిది కిలోల గ్యాస్ సిలిండర్ జరపడం ఇప్పుడు ఆయన పని.

మూడు రోజులు తాగిన నీళ్లు, పోసిన మూత్రం కొలిచి రాయమంది. దానికోసం కొలత గ్లాసు కొత్తది కొన్నాను, దుకాణంలోది కాదు, కంగారు పడకండి. తీరా చూస్తే ఒక్కోసారి నూరు మిల్లీలీటర్లు కూడా లేదు. 'ఎందుకైనా మంచిది' అని ముప్పావుగంటకోసారి పోవడంతో సంచికి అదే అలవాటైంది. నీళ్లు తగ్గిస్తే కారడం తగ్గుతుందనుకున్నా, మూత్రం చిక్కబడి ఇంకా చిరాకు పెడుతుందట. పోయే సమయం వారానికి పావుగంట చొప్పున పెంచమంది. టీ ఆరు నుంచి రెండుకు వచ్చింది. అన్నిటికంటే కష్టం ఇదే.

ఇంకో ఫిర్యాదు. మూడోసారి వెళ్లినప్పుడు సెంటర్ నడిపే సారు, కరెంటు మిషన్ పది సిట్టింగుల ప్యాకేజీ ఆరు వేలు అన్నాడు. మేడంను పక్కకు అడిగితే, సొంతంగా బిగించడం అస్సలు రానివాళ్లకు అది అక్కరకొస్తుంది, మీకు వస్తోంది కదా అంది. తీసుకోలేదు. ఇచ్చిన కాగితం కూడా మొత్తం ఇంగ్లీషు. అడిగితే మేడమే వెనకవైపు తెలుగులో రాసి బొమ్మలు వేసింది.

నా తెలివి కూడా రాయాలి. నాకు తగ్గుతోందని మా ఆడబిడ్డకూ ఇదే నేర్పించాను. ఆమెది కారడం కాదు, కింద నొప్పి, భర్త దగ్గరికి వస్తేనే భయం. మేడం నన్ను బాగా తిట్టింది. అట్లాంటివాళ్లకు కండరాలు ముందే బిగుసుకుని ఉండొచ్చట, వాళ్లు నేర్చుకోవాల్సింది వదలడం, నా వ్యాయామంతో నొప్పి పెరుగుతుందట. ఇప్పుడు మంగళవారం మంగళవారం ఆడబిడ్డే వస్తోంది. ఆమెకు కడుపుతో ఊపిరి తీయడం నేర్పుతున్నారు.

నావి మొత్తం ఎనిమిదిసార్లు అయ్యాయి, మొదటిసారి తర్వాత ఒక్కోసారికి మూడు వందలు. నెలన్నర దాకా ఏమీ తేడా లేదు, ఒకసారి మానేద్దామనీ అనుకున్నాను. మూడో నెల చివరికి పోపుకు కారడం ఆగింది. మళ్లీ పరీక్ష చేస్తే అయిదుకు నాలుగు. జలుబు చేసి వరసగా నాలుగైదు తుమ్ములు వస్తే ఇప్పటికీ కొంచెం తడుస్తుంది, అబద్ధం చెప్పను. బ్యాగులో ఒక ప్యాడ్ ఉంటుంది, అది ఒకటే నెల రోజులుగా అట్లాగే ఉంది.

మేడంకు అయిదు స్టార్లు, సెంటర్‌కు మూడు. కౌంటర్ పిల్లకు చెప్పాను, ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తోంది. తాళంచెవి గురించి సారుకు రెండుసార్లు చెప్పాను. మొన్న ఆడబిడ్డతో వెళితే ఇంకా మెడికల్ షాపులోనే ఉంది.