449 ప్లాన్‌కి 530 కడుతున్నాం: ఏళ్ల తరబడి పోస్ట్‌పెయిడ్ వాడాక నా సమీక్ష

మా ఇంట్లో మావారిది, అత్తయ్యది, నాది మూడు నంబర్లూ పోస్ట్‌పెయిడ్. మొదటి నంబరు తీసుకున్నప్పటికి జీఎస్టీ అనే మాటే లేదు, బిల్లు కింద సర్వీస్ ట్యాక్స్ 10.3 శాతం అని ఉండేది. విజయవాడ వన్‌టౌన్‌లో మాకు ఫ్యాన్సీ సామాను హోల్‌సేల్ షాపుంది. లెక్కలు రాసేది నేనే కాబట్టి కరెంటు బిల్లు, ట్రాన్స్‌పోర్ట్ రసీదులతో పాటు ఫోన్ బిల్లులూ నా కళ్లముందు నుంచే పోతాయి. మధ్యలో కంపెనీ మారాం, ప్లాన్లయితే చాలాసార్లు మారాయి. ఇన్నేళ్లకి నాకు తేలింది ఒక్కటే. అందరూ తిట్టుకునే పన్ను బిల్లులో శుభ్రంగానే కనిపిస్తుంది. మనకి తెలియకుండా పోయే డబ్బు దాని పైన ఉన్న చిన్న చిన్న వరుసల్లో పోతుంది, వాటికీ సర్కారుకీ ఏ సంబంధమూ లేదు.

ముందు పన్ను సంగతి. హోర్డింగ్ మీద 449 అని ఉంటుంది, కింద నలకంత అక్షరాల్లో ‘ప్లస్ జీఎస్టీ’. 449 మీద సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9 శాతం అంటే 40.41, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) ఇంకో 40.41. మొత్తం 529.82. ఇందులో దాచిందేమీ లేదు, రెండూ విడివిడి వరుసల్లో పైసలతో సహా వేస్తారు. నా అభ్యంతరమల్లా ఆ 449 అనే అంకె మీదే. ప్రీపెయిడ్‌లో 349 రీఛార్జ్ అంటే చేతిలోంచి పోయేది 349 మాత్రమే, పన్ను అందులోనే కలిసి ఉంటుంది (లెక్క వేస్తే 53 రూపాయల 24 పైసలు). అదే కంపెనీ, అదే షాపు, పోస్ట్‌పెయిడ్‌కి వచ్చేసరికి పన్ను వదిలేసి ధర చెబుతుంది. పక్కపక్కన పెట్టి పోల్చుకునేవాడికి రెండూ ఒకే రకం అంకెల్లా కనిపిస్తాయి. మా షాపులో పిన్నుల అట్ట మీద ఎమ్మార్పీ పన్నుతో కలిపి ఉండకపోతే ఊరుకుంటారా?

ఈ పన్ను పెరిగిన తీరు కూడా చూడాల్సిందే. 10.3 కాస్తా 2012లో 12.36 అయింది. 2015 జూన్‌లో 14, ఆ నవంబర్‌లోనే స్వచ్ఛ భారత్ సెస్సు అని అర, మరుసటి జూన్‌లో కృషి కల్యాణ్ సెస్సు అని ఇంకో అర. 15కి చేరాక, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి ఒక్క దెబ్బకి 18 చేసింది. నాలుగు వందల ప్లాన్ మీద ఒకప్పుడు 41 రూపాయలు కట్టినవాళ్లం ఇప్పుడు 72 కడుతున్నాం. 2025 సెప్టెంబర్‌లో శ్లాబులు మార్చినప్పుడు కొన్ని సరుకుల రేట్లు దిగాయి, ఫోన్ బిల్లు మాత్రం 18 దగ్గరే ఉండిపోయింది. నిత్యావసరం అంటూనే ఫోన్‌ని ఆ వరుసలో ఉంచడం నాకైతే నచ్చలేదు.

ఇక అసలు కథ.

ఒక నెల అత్తయ్య బిల్లులో ‘వాల్యూ యాడెడ్ సర్వీసెస్’ అని 36 రూపాయలు కనిపించింది. వెనక్కి తిరగేస్తే అంతకు ముందు నెలల్లోనూ ఉంది. అడిగాను.

“అత్తయ్యా, మీ ఫోన్‌కి పాటేమైనా పెట్టించుకున్నారా?”

“నేనెందుకు పెట్టించుకుంటానమ్మాయ్? పక్కింటి వదినగారికి ఫోన్ చేస్తే అమ్మవారి పాట వచ్చింది. ఈ పాట కావాలంటే స్టార్ నొక్కండి అంది. నొక్కాను.”

“తర్వాత ఇంకేమైనా వచ్చిందా?”

“ఏదో ఇంగ్లీషులో వచ్చింది, కింద ఓకే అని ఉంది. అదీ నొక్కాను. అయినా దేవుడి పాటకి కూడా డబ్బులేంటి?”

కాలర్ ట్యూన్ పెట్టుకున్న మనిషికి తన ట్యూన్ వినపడదు కదా. ఫోన్ చేసినవాళ్లకే వినిపిస్తుంది. అందుకే తన ఫోన్‌లో పాట ఉందన్న సంగతే ఆవిడకి తెలియదు. మేం రోజూ చేసేది వాట్సాప్ కాల్, అందులో ఈ పాట రాదు. పైగా ఆ 36 మీద మళ్లీ 18 శాతం, కలిపి 42.48.

ఇక్కడే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన గురించి చెప్పాలి. ఇలాంటి సర్వీసులు కస్టమర్ రెండోసారి కూడా ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలని 2013లోనే ఆదేశం ఇచ్చారు. అంతకు ముందు జాతకాలు, క్రికెట్ స్కోర్లు, జోకులు అడక్కుండానే అంటగట్టేవాళ్లు, ఆ బెడద చాలావరకు తగ్గిన మాట నిజం. కానీ స్టార్ నొక్కిన చెయ్యే ఓకే కూడా నొక్కితే నిబంధన పాటించినట్టే లెక్క. కాగితం మీద అంతా సవ్యంగా ఉంది. డెబ్బై దాటిన మనిషికి, తనకి రాని భాషలో వచ్చిన ప్రశ్నకి చెప్పిన ‘ఓకే’ని ఒప్పుకోలు అనొచ్చా అన్నది నా ప్రశ్న.

తీసేయడం మాత్రం తేలిక. 155223కి ఫోన్ చేస్తే మన నంబరు మీద ఏమేం నడుస్తున్నాయో చెబుతారు, ఆపమంటే ఆపుతారు, కాల్‌కి డబ్బులు పడవు. స్టాప్ అని మెసేజ్ పెట్టినా సరే. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లుంటే ఈ వారమే ఒకసారి చేసి చూడండి. మా షాపులో పనిచేసే కుర్రాళ్లు వాళ్ల అమ్మల ఫోన్ల నుంచి చేస్తే ఇద్దరికి ఏదో ఒకటి బయటపడింది.

రెండో చిల్లు ఆలస్య రుసుము. సంక్రాంతి ముందు మా షాపులో తల ఎత్తే తీరిక ఉండదు. నూజివీడు, తెనాలి, గుడివాడ నుంచి వచ్చినవాళ్లకి మూటలు కట్టడమే సరిపోతుంది. గడువు తేదీ రాత్రి మావారు యూపీఐలో కట్టారు, డబ్బు మా ఖాతాలోంచి ఆ రాత్రే పోయింది, కంపెనీ ఖాతాలో మరుసటి రోజు తేదీతో పడింది. తర్వాతి బిల్లులో వంద రూపాయల లేట్ ఫీ. దాని మీద 18 రూపాయల జీఎస్టీ. జరిమానాకి కూడా పన్నా అని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. కేంద్ర జీఎస్టీ చట్టం 15వ సెక్షన్‌లో ఆలస్యానికి వేసే వడ్డీ, రుసుము, పెనాల్టీ కూడా సర్వీసు విలువలో భాగమేనని రాసి ఉంది. కాబట్టి ఆ 18 చట్టబద్ధమే. ఆ వంద మాత్రం పూర్తిగా కంపెనీ ఇష్టం. లావాదేవీ నంబరుతో స్క్రీన్‌షాట్ పంపి గట్టిగా అడిగితే తర్వాతి నెల ‘అడ్జస్ట్‌మెంట్స్’ కింద వెనక్కి ఇచ్చారు. అడగని వాళ్లకి ఇవ్వరు.

ప్లాన్ మధ్యలో మారిస్తే పాత ప్లాన్‌కి ఇన్ని రోజులు, కొత్త ప్లాన్‌కి ఇన్ని రోజులు అని రెండు వరుసలు పడి ఆ నెల బిల్లు అర్థం కాకుండా పోతుంది. మోసం కాదు, కానీ మార్చదలిస్తే బిల్లు తేదీ నాడే మార్చుకోండి. కాగితం బిల్లుకి విడిగా తీసుకుంటారు, మెయిల్ పెట్టించుకుంటే సరి. కొన్ని పేమెంట్ యాప్‌లు రూపాయి, రెండు ‘ప్లాట్‌ఫామ్ ఫీ’ అని గిల్లుతాయి, ఫోన్ కంపెనీ సొంత యాప్‌లో కడితే నాకెప్పుడూ పడలేదు. ఒకప్పుడు పండగ రోజుల్లో ఎసెమ్మెస్ ప్యాక్ పనిచేయదని బ్లాకౌట్ డేస్ పెట్టి, శుభాకాంక్షలకి ఒక్కో మెసేజ్‌కి ఇంత అని లాగేవాళ్లు. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు.

బిల్లు అడ్రస్ సంగతి చాలామంది పట్టించుకోరు. మా మరిది హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఇక్కడికొచ్చి షాపులో కలిశాడు. అతని నంబరు బిల్లు మాత్రం కూకట్‌పల్లి అడ్రస్ మీదే వచ్చేది. ఫోన్ వాడేది వన్‌టౌన్‌లో, రాష్ట్రం వాటా పన్ను పోయేది తెలంగాణకి. పోస్ట్‌పెయిడ్‌లో కంపెనీ రికార్డులో ఉన్న బిల్లు అడ్రస్ ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానిదే. టెలికాం సర్కిల్ ఇప్పటికీ రెండు రాష్ట్రాలకీ కలిపి ఒకటే కావడంతో ఫోన్ పనిచేయడంలో ఏ తేడా తెలియదు, అందుకని ఎవరూ మార్చుకోరు. మామూలు ఇంటికి దీనివల్ల రూపాయి నష్టం లేదు. వ్యాపారికి ఉంది. మా జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, తెలంగాణది 36. అక్కడి ఎస్‌జీఎస్టీని ఇక్కడి రిటర్న్‌లో ఇన్‌పుట్‌గా, అంటే మేం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడానికి కుదరదు. అడ్రస్ మార్పించి, ఫర్మ్ జీఎస్టీ నంబరు బిల్లు మీదికి ఎక్కించాకే అది మా జీఎస్టీఆర్-2బీలో (మాకు వెనక్కి రాగల పన్నుల జాబితా) కనపడటం మొదలైంది. కాంపోజిషన్‌లో, అంటే అమ్మకాల మీద ఇంత శాతం అని సులువు పద్ధతిలో పన్ను కట్టే చిన్న షాపులవాళ్లకి ఈ సౌకర్యం ఎలాగూ లేదు, వాళ్లు ఊరికే శ్రమ పడొద్దు.

బిల్లులో అసలు కనపడనివి కూడా ఉన్నాయి. కంపెనీలు తమ ఆదాయంలో 8 శాతం లైసెన్స్ ఫీజుగా కేంద్రానికి కట్టాలి, ఆ ఎనిమిదిలో ఐదు పల్లెలకి ఫోన్ సౌకర్యం కోసం పెట్టిన నిధికి పోతుంది. 2023 టెలికాం చట్టం దాని పేరు డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. ఏది ఆదాయం, ఏది కాదు అన్న గొడవే 2019 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లిన ఏజీఆర్ (ఫీజు లెక్కగట్టే ఆదాయం) కేసు. ఇవన్నీ చివరికి మన ప్లాన్ ధరలోంచే రావాలి కదా. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు తన బిల్లు వాట్సాప్‌లో పంపితే చూశాను. అక్కడ అలాంటి నిధి సొమ్ము ‘యూనివర్సల్ సర్వీస్’ అని కస్టమర్ బిల్లులోనే ఒక వరుసగా పడింది. దాని కింద 911 ఫీజు, రాష్ట్రం పన్ను, ఊరి పన్ను, ఆ తర్వాత ‘అడ్మినిస్ట్రేటివ్’ అని ఒకటి. ఈ చివరిది చూడ్డానికి పన్నులా ఉంటుంది గానీ సర్కారు వేసింది కాదు, కంపెనీయే ఉంచుకుంటుంది. “వదినా, మీ బిల్లే నయం, రెండు వరుసల్లో అయిపోయింది” అంది. మన దగ్గర కంపెనీ సొంత ఖర్చుని పన్ను వేషం వేసి చూపించే అలవాటు లేకపోవడం నిజంగా మంచిదే. మార్కులు వేయమంటే ఈ ఒక్క విషయంలో మన బిల్లుకి బాగానే వేస్తాను.

మరి పోస్ట్‌పెయిడ్ లాభమా? 529.82 చొప్పున పన్నెండు నెలలకి 6,357.84. ప్రీపెయిడ్‌లో నెల అంటే 28 రోజులు, ఏడాదికి పదమూడు రీఛార్జ్‌లు, 349 చొప్పున 4,537. తేడా 1,820 పైచిలుకు. మా ఫర్మ్ నంబరుకి పన్ను వెనక్కి వచ్చినా, 969.84 తీసేస్తే 5,388 అవుతుంది. అప్పటికీ ప్రీపెయిడ్ కంటే 851 ఎక్కువే. పోస్ట్‌పెయిడ్‌లో వచ్చే ఓటీటీ చూసేవాళ్లకి లెక్క వేరుగా ఉండొచ్చు, మా ఇంట్లో దాన్ని తెరిచి చూసినవాళ్లు లేరు. మావారి నంబరు మాత్రం అలాగే ఉంచాం. సీజన్‌లో బేరం మాట్లాడుతుండగా రీఛార్జ్ అయిపోయి ఫోన్ మూగబోతే పోయే ఆర్డర్ ముందు ఏడాదికి 851 ఒక లెక్క కాదు. జీతగాళ్లకి, ఇంట్లో పెద్దవాళ్లకి అయితే నేను ప్రీపెయిడే చెబుతాను. అందులో బ్యాలెన్స్ ఉంటేనే పోతుంది, పోయిన వెంటనే తెలుస్తుంది.

తప్పు పడినప్పుడు స్టోరులో కౌంటర్ దగ్గర వాదించడం దండగ, అక్కడి పిల్లల చేతుల్లో ఏమీ ఉండదు. ఫోన్‌లో ఫిర్యాదు ఇచ్చి డాకెట్ నంబరు రాసుకోండి. తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫోన్ గొడవలు వినియోగదారుల కమిషన్ పరిధిలోకి రావని కంపెనీలు వాదిస్తూ వచ్చాయి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. నలభై రూపాయలకి అంతదూరం వెళ్లక్కర్లేదు గానీ, ఆ మాట ఫిర్యాదు మెయిల్‌లో ఒక వాక్యంగా రాస్తే జవాబు త్వరగా వస్తోంది, నా అనుభవం అది.

అత్తయ్య నంబరు, నాది ఈ నెల బిల్లు తేదీకి ప్రీపెయిడ్‌కి మారుస్తున్నాం. 2021లో ఓటీపీ పద్ధతి తెచ్చారు కాబట్టి మళ్లీ ఆధార్ పట్టుకుని లైన్లో నిలబడే పని లేదు. అయితే ఒకసారి మారాక ముప్పై రోజుల దాకా అదే ఓటీపీ పద్ధతిలో వెనక్కి రావడం కుదరదు (2025 జూన్ దాకా ఈ గడువు తొంభై రోజులుండేది). కనెక్షన్ తీసుకున్నప్పుడు సెక్యూరిటీ డిపాజిట్ కట్టి ఉంటే పాత బిల్లు తీసి చూసుకుని, చివరి బిల్లులో సర్దమని ముందే రాతపూర్వకంగా అడగండి.