పికప్ బండికి ఇంటి దగ్గరే సర్వీస్: ఏళ్ల వాడకంలో ఏది గిట్టింది, ఏది గిట్టలేదు

ముందు డబ్బు లెక్క చెప్పేస్తాను. పికప్ బండికి ఇంటి దగ్గర ఆయిలూ ఫిల్టర్లూ మార్చుకుంటే మిగిలేది లేబర్ ఒక్కటే. అదేమంత పెద్ద మొత్తం కాదు. ఆయిల్ ఎలాగూ కొనాలి, ఫిల్టర్ ఎలాగూ కొనాలి. పానాలకీ గ్రీజు గన్‌కీ పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికే చాలా సర్వీసులు పడతాయి. అయినా నేను మానలేదు, మానే ఉద్దేశమూ లేదు. కారణం వేరే ఉంది.

నాది 2018 మోడల్ బొలెరో పికప్, బీఎస్4 (పొగ కాలుష్యం నిబంధనల్లో బీఎస్6కి ముందు దశ) డీజిల్. ఉండేది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర. బండి ఒకే రకం పనికి పోదు. వేలం సీజన్లో పొగాకు బేళ్లు, మిగతా రోజుల్లో సముద్రం వైపు చెరువులకి రొయ్యల మేత బస్తాలు, మధ్యలో కిరాయి తగిలితే చీమకుర్తి నుంచి గ్రానైట్ పలకలు. ఒక పక్క ఉప్పు గాలి, ఇంకో పక్క రాతి దుమ్ము, పైన రోహిణి కార్తె ఎండ. ఇన్ని వేల కిలోమీటర్లకి ఫిల్టర్ మార్చమని బండితో వచ్చే పుస్తకం చెప్పేది మామూలు రోడ్ల లెక్క. దుమ్ములో తిరిగే బండికి ఇంకా ముందే చూసుకోమని కూడా అందులోనే ఉంటుంది గానీ, ఆ లైను దాకా చదివేవాళ్లు తక్కువ. మెకానిక్ షెడ్డువాళ్లు చదివినా మన బండి ఈ నెల ఏ దారిన తిరిగిందో వాళ్లకెలా తెలుస్తుంది? మనకి తెలుసు. ఇంటి సర్వీసు గిట్టేది ఇక్కడే.

అందుకే ఎయిర్ ఫిల్టర్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను. చీమకుర్తి క్వారీల దారిలో టిప్పర్ వెనక పడితే ఆ పూట బండి మింగే దుమ్ము హైవే మీద నెల తిరిగినా ఉండదు. ఫిల్టర్ మూసుకుపోతే ముందు లోడుతో లాగడం తగ్గుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది. ఇవి నయమే, కనపడతాయి. ఫిల్టర్ చిరిగితే మాత్రం ఏమీ కనపడదు, బండి హాయిగా లాగుతూనే ఉంటుంది. లోపలికి పోయిన దుమ్ము ఇంజన్‌లోకి గాలి నెట్టే, నిమిషానికి లక్ష చుట్లు పైన తిరిగే టర్బో రెక్కల్ని అరగదీసి, ఆ తర్వాత రింగులనీ సిలిండర్ బోరునీ తింటుంది. నీలి పొగ వచ్చి, ఆయిల్ తాగడం మొదలైనాక తెలిసినా చేసేదేమీ ఉండదు, ఇంజన్ దించాల్సిందే.

నేను చేసే పద్ధతి ఇది. క్లిప్పులు ఊడదీసే ముందే డబ్బా పైన ఉన్న దుమ్ము తడిగుడ్డతో తుడుస్తాను, లేకపోతే మూత తీయగానే అదంతా లోపల రాలుతుంది. ఫిల్టర్ని ఇంటి దగ్గర కార్ షెడ్డులో చీకటిగా ఉన్న మూలకి తీసుకెళ్లి, లోపల ఫోన్ లైటు పెట్టి చుట్టూ తిప్పుతాను. కాగితం మడతల్లోంచి వెలుగు అంతటా ఒకేలా మసగ్గా రావాలి. ఎక్కడైనా సూది మొనంత చుక్క తెల్లగా మెరిసిందా, ఆ ఫిల్టర్ అంతటితో సరి, ఎంత కొత్తదైనా సరే. తర్వాత టర్బోకి పోయే పైపు మొదట్లో తెల్ల బనీను గుడ్డ పెట్టి తుడుస్తాను. గుడ్డకి ఎర్రమట్టి గానీ బూడిదరంగు పొడి గానీ అంటిందంటే రబ్బరు అంచు సరిగ్గా కూర్చోవడం లేదని అర్థం. ఈ రెండు పరీక్షలకీ కలిపి టీ తాగేంత సేపు పట్టదు. ఇది ఓపిగ్గా చేసే షెడ్డు నాకింతవరకూ తగల్లేదు.

గాలి కొట్టే విషయంలో మావాళ్లకి ఉత్సాహం ఎక్కువ. పంక్చర్ షాపు దగ్గర ఆపి ఫుల్ ప్రెషర్‌తో కొట్టించేస్తారు. ఆ దెబ్బకి కాగితం చిరుగుతుంది. కొడితే లోపల్నుంచి బయటికే కొట్టాలి, ప్రెషర్ 2 బార్లు దాటకూడదు, గన్ను కాగితానికి ఆనించకూడదు. నేలకేసి బాదడం, సర్ఫు నీళ్లలో ముంచడం అసలొద్దు. ఇంకో సంగతి: మరీ తరచుగా శుభ్రం చేయడమూ నష్టమే. పలచగా పట్టిన దుమ్ము పొర కొత్త కాగితం వదిలేసే సన్న ధూళిని కూడా ఆపుతుంది. నేనైతే ఒకటి రెండుసార్లు గాలి కొట్టాక కొత్తది వేసేస్తాను.

కొనేటప్పుడూ కళ్లు తెరుచుకోవాలి. ఒంగోలులో ఒక షాపువాడు అంటగట్టిన ఫిల్టర్ డబ్బా చూస్తే అచ్చం కంపెనీదే. ఇంటికొచ్చి పాతదాని పక్కన పెట్టి చూస్తే మడతలు సగమే ఉన్నాయి, జిగురు ఒకచోట ముద్దగా, ఇంకోచోట ఖాళీగా ఉంది, రబ్బరు అంచు గోటితో నొక్కితే లొంగడంలేదు. తిరిగి తీసుకెళ్తే "మా దగ్గర కొన్నది కాదన్నా" అన్నాడు. అప్పట్నుంచీ పాత ఫిల్టర్ చేత్తో పట్టుకునే షాపుకి పోతున్నాను, కౌంటర్ మీదే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను.

డీజిల్ ఫిల్టర్ కిందుండే నీళ్ల మర (డీజిల్‌లో చేరిన నీళ్లు బయటికి వదిలే స్క్రూ) ఇంటి సర్వీసులో అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేదీ అదే. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, దీన్ని అస్సలు మరిచిపోకూడదు. ఉదయం సెల్ఫ్ కొట్టకముందే ఒక గాజు సీసా కింద పెట్టి మర వదులు చేయాలి. నీళ్లుంటే డీజిల్ కన్నా బరువు కాబట్టి ముందు అవే వస్తాయి. సీసా కాసేపు కదపకుండా ఉంచితే కింద నీళ్లు, పైన డీజిల్, మధ్యలో గీత గీసినట్టు తెలుస్తుంది. వచ్చేది డీజిలొక్కటే అయ్యేదాకా వదిలి బిగించేయడమే. ఆ నీళ్లు ఇంజెక్టర్ల దాకా పోతే వచ్చే ఖర్చుతో ఒక జత టైర్లు వేయించుకోవచ్చు. ఫిల్టర్ మార్చినప్పుడు మాత్రం చేత్తో నొక్కే ప్రైమర్ పంపు గట్టిపడేదాకా కొట్టి గాలి తీయాలి. గాలి ఉండగానే సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగిపోతుంది, బండి లేవదు.

డీజిల్ సిస్టమ్‌లో ఇంట్లో నేను చేసేది అంతవరకే. ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, టర్బో ముట్టుకోను. ఎందుకో ఒక ముక్క చెప్పాలి. ఒకసారి ఇంజన్ మిస్ కొడుతుంటే పాతకాలం మేస్త్రీ ఒకాయన చూడ్డానికొచ్చాడు. ఇంజన్ ఆడుతుండగానే ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేద్దామని పానా పెట్టాడు. ఏ నట్టు విప్పితే శబ్దం మారకుండా ఉంటే ఆ సిలిండర్ పనిచేయనట్టు. పాత ఇంజన్లకి అది తిరుగులేని పరీక్షే. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు "మేస్త్రీ, ఇది కామన్ రైలు, వద్దు!" అని చెయ్యి పట్టుకు లాగేశాడు. కామన్ రైలు అంటే అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టం నుంచి హై ప్రెషర్‌తో డీజిల్ అందే పద్ధతి, ఆ పైపుల్లో ప్రెషర్ 1,000 బార్ల పైమాట. సన్నగా చిమ్మిన డీజిల్ చర్మం చీల్చుకుని వేల్లోకి దూరుతుంది. పైకి చిన్న గాటులా కనపడినా వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు, వెంటనే ఆపరేషన్‌కి పరుగెత్తాల్సిన గాయం అది. కామన్ రైలు బండికి ఇంజన్ ఆడుతుండగా ఆ పైపుల దగ్గరికి చెయ్యి పోనివ్వొద్దు. మిస్ ఎక్కడో స్కానర్ పెట్టి చూసేవాళ్ల దగ్గరికి పోవడమే.

ఆయిల్ మార్చడం చాలామంది మొదట చేయాలనుకునే పని. నా దృష్టిలో అది గిట్టీ గిట్టని పని. పికప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి జాకీ లేకుండానే కిందికి దూరొచ్చు, అదొక సుఖం. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తీస్తే మడ్డంతా దిగుతుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. కొత్త ఫిల్టర్ రబ్బరుకి ఆయిల్ రాసి, రబ్బరు ఆనినాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు, పానాతో బిగించక్కర్లేదు. నేను పోసేది 15డబ్ల్యూ-40, సీఐ-4 ప్లస్ గ్రేడు ఆయిల్. ఇందులో నాకు దొరికే లాభం ఒకటే, డబ్బా సీలు నేనే తీస్తాను. షెడ్డులో డ్రమ్ము నుంచి మగ్గుతో పోసేదేంటో ఎవరికి తెలుసు? ఆయిల్ పోసిన వారానికే నల్లబడిందని కంగారు పడేవాళ్లుంటారు. డీజిల్ ఇంజన్‌లో మసి పట్టి నల్లబడటం మామూలే. భయపడాల్సింది రెండిటికి: ఆయిల్ మట్టం చూసే స్టిక్కు మీద టీ రంగు నురగ కనపడితే నీళ్లు కలుస్తున్నాయి, పోయకుండానే మట్టం పెరిగితే డీజిల్ కలుస్తోంది. తీసిన ఆయిల్ క్యాన్లో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇస్తాను. మా వైపు కాలవలు చివరికి ఎవరో ఒకరి రొయ్యల చెరువుకే పోతాయి, అందులో పోసినవాణ్ణి ఊళ్లో బతకనివ్వరు, అది న్యాయమే.

కూలెంట్ (ఇంజన్ చల్లబరచడానికి రేడియేటర్లో పోసే ద్రవం) దగ్గర మా ప్రాంతానికి ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది, బోరు నీళ్లు పోసేయడం. ఫ్లోరైడుకి పేరుమోసిన కనిగిరి వైపు నీళ్లైనా, తీరం వెంట ఉప్పు బోర్లైనా రేడియేటర్‌కి పనికిరావు. గార పట్టి సన్న గొట్టాలు మూసుకుపోతాయి, ఎండాకాలం లోడుతో టెంపరేచర్ ముల్లు పైకి పోయిందంటే సగం కేసులు ఇవే. నీళ్లు కలిపిన కూలెంట్ కొనండి, లేదా చిక్కటి కూలెంట్‌ని బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీళ్లతో సగానికి సగం కలపండి. పొగాకు సీజన్ అయ్యాక రేడియేటర్ జాలీలో ఆకు పొట్టు ఇరుక్కుంటుంది, దాన్ని ఇంజన్ వైపు నుంచి ముందుకి, మెల్లటి ధారతో కడగాలి. వాటర్ సర్వీసు గన్ను దగ్గరగా పెడితే జాలీ రెక్కలు మడతపడిపోతాయి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

బ్యాటరీకి మల్టీమీటర్ ఒకటి చాలు. రాత్రంతా ఆపిన బండికి 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి దిగితే సగమే. ఇంజన్ ఆడుతుండగా 13.8 నుంచి 14.4 మధ్య చూపిస్తే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. ఉప్పు గాలికి టెర్మినళ్ల మీద పేరుకునే పొడిని వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక వాజలైన్ రాస్తాను. తీసేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు ఆఖర్న.

అన్నట్టు, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా రోడ్ల మీద నీళ్లు నిలబడ్డాయి. అలాంటి నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి తడి ఉందో లేదో చూడండి. సిలిండర్లోకి నీళ్లు పోయి ఉంటే అవి నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. పక్కనున్న నలుగురూ "కొట్టు కొట్టు, లేస్తది" అంటూనే ఉంటారు, బిల్లు కట్టేది మాత్రం మనమే.

కొత్తగా కొన్నవాళ్లకి ఒక హెచ్చరిక. 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవి బీఎస్6 బండ్లు. పొగలోని మసిని ఆపే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉన్నవాటికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి, నేను పోసే పాతరకం పోస్తే డీపీఎఫ్ మూసుకుపోతుంది. డబ్బా మీద ఉన్న గ్రేడు, పుస్తకంలో ఉన్న గ్రేడు అక్షరం అక్షరం సరిచూసుకోండి. పెట్రోలు పికప్ అయితే స్పార్క్ ప్లగ్గుల పని అదనం, డీజిల్‌కి ఆ బాధ లేదు. వారంటీ ఉన్నంతకాలం ఆయిల్, ఫిల్టర్లు కంపెనీ సర్వీసులోనే మార్పించి పుస్తకంలో స్టాంపు వేయించుకోండి. నీళ్ల మర వదలడం, ఎయిర్ ఫిల్టర్ చూసుకోవడం, బ్యాటరీ కడగడం మాత్రం బండి ఇంటికొచ్చిన మొదటి నెల నుంచే మీరు చేసుకోవచ్చు, వాటికి ఎవరి స్టాంపూ అక్కర్లేదు.