మక్కా మసీదులో గైడు సేవ: నా అనుభవం

చార్మినార్ పక్కనున్న మక్కా మసీదును చూడటానికి మేము కుదుర్చుకున్న గైడు, కట్టడం కంటే ముందు ఇస్లాం పుట్టుకను వివరించారు. 610 ప్రాంతంలో మక్కా దగ్గరి హిరా గుహలో ముహమ్మద్ ప్రవక్తకు ‘ఇఖ్రా’, అంటే ‘చదువు’ అన్న ఆజ్ఞతో తొలి దివ్యవాణి అందిందన్న ముస్లింల విశ్వాసం మొదలుకొని, 622లో ప్రవక్త మక్కా నుంచి మదీనాకు సాగించిన వలసతో ముస్లింల కాలగణన అయిన హిజ్రీ శకం ఆరంభం కావడం వరకు ఎంతో ఓపికగా చెప్పారు. మక్కాలోని పవిత్ర కట్టడమైన కాబా దిశను సూచించే మిహ్రాబ్‌ను, అంటే పడమటి గోడలోని గూటిని, బయటి నుంచే చూపినప్పుడు, విగ్రహమూ చిత్రమూ లేని ఆ ఖాళీలోనే తౌహీద్ అనే ఏకేశ్వర భావన నాకు స్పష్టమైంది. ఇస్లాం ఐదు మూల విధులైన షహాదా (విశ్వాస ప్రకటన), నమాజు, జకాత్ (విధిగా ఇచ్చే దానం), రోజా (ఉపవాసం), హజ్‌ (మక్కా యాత్ర)లలో జకాత్ వివరణ అన్నిటికన్నా బాగుంది: ఏడాదిపాటు నిలిచిన మిగులు సంపదలో 2.5 శాతం పేదల హక్కేనట. ముస్లింలలోని రెండు ప్రధాన శాఖలైన సున్నీ, షియాల భేదాన్ని రెండు మాటల్లో ముగించడం మాత్రం లోటుగానే అనిపించింది.